కొత్తగా లైను పడింది: నల్లా, డ్రైనేజీ కనెక్షన్ ఎలా తీసుకోవాలి? (ఓఆర్ఆర్, అంటే ఔటర్ రింగ్ రోడ్డు లోపలి కాలనీ)

తూర్పు_వాకిలి:
అందరికీ నమస్తే. మాది హైదరాబాద్ తూర్పు వైపు, ఓఆర్ఆర్ లోపల ఒక కాలనీ. 200 గజాల ప్లాటు, 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు, తూర్పు ఫేసింగ్, జీ ప్లస్ టూ. కింద అమ్మానాన్న, మధ్యలో మేము, పైన అద్దెకున్నవాళ్లు. ఇన్నాళ్లూ బోరు, సెప్టిక్ ట్యాంకుతోనే నడిపించాం. మార్చి దాటితే బోరు సన్నగా పోసి ఆగిపోతుంది, ట్యాంకర్లు తెప్పించుకోవాలి. వానాకాలంలోనేమో సెప్టిక్ ట్యాంకు నిండిపోయి కింది బాత్రూంలో నీళ్లు దిగవు.
ఇప్పుడు మా వీధిలో జలమండలి (హైదరాబాద్ నీళ్ల బోర్డు) మంచినీళ్ల లైను పడింది. డ్రైనేజీ లైను కూడా వచ్చింది, మా గేటుకు ఓ 30 అడుగుల దూరంలో మ్యాన్‌హోల్ ఉంది. రెండూ ఒకేసారి అప్లై చేయాలా, విడివిడిగానా? ఏ కాగితాలు అడుగుతారు? సంపు ముందు ఈశాన్యంలో ఉంది, సెప్టిక్ ట్యాంకు వెనక వాయవ్యంలో ఉంది. ఆ ట్యాంకు నుంచే ఒక పైపు తీసి మ్యాన్‌హోల్‌లో కలిపేస్తే సరిపోతుందా?
ఇంకో విషయం. ఒక ప్లంబర్ వచ్చి "కాగితాలూ గీగితాలూ వద్దు, రాత్రికి రాత్రి రెండూ కలిపేస్తా" అంటున్నాడు. నాన్నగారు ఆఫీసుల చుట్టూ తిరగడం ఎందుకని ఆయనవైపే మొగ్గుతున్నారు. త్వరగా చెప్పండి ప్లీజ్.

కాలనీ_అక్క:
తమ్ముడూ, ఆ రాత్రి పని మాత్రం వద్దు. మా పక్క వీధిలో అలా కలిపించుకున్న వాళ్లున్నారు. తనిఖీకి వచ్చినప్పుడు లైను కోసేశారు, జరిమానా కట్టారు, తర్వాత అసలు కనెక్షన్ డబ్బులూ కట్టారు. కేసు కూడా పెట్టొచ్చు. నాన్నగారికి ఒక్క మాట చెప్పు: ఆ కనెక్షన్‌కి క్యాన్ నంబర్, అంటే బోర్డు ఇచ్చే ఖాతా నంబర్ ఉండదు. క్యాన్ నంబర్ లేకపోతే రేపు నీళ్లు రాకపోయినా, మురికి నీళ్లు వచ్చినా ఫిర్యాదు చేయడానికి నీ దగ్గర ఏమీ ఉండదు. జలమండలి ఫిర్యాదుల నంబరు 155313కి ఫోన్ చేస్తే మొదట అడిగేది అదే.

పానా_ప్లంబర్:
నేను ఈ పని చేసేవాడినే, కనెక్షన్ లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర పనిచేస్తా. రాత్రిపూట కలిపేవాడు మెయిన్ పైపుకు డ్రిల్ పెట్టి ఫెర్రూల్ (ఇంటి పైపును మెయిన్‌కి కలిపే బిగింపు) సరిగ్గా కూర్చోబెట్టడు, సైకిల్ ట్యూబు చుట్టి మట్టి కప్పేస్తాడు. మొదట బాగానే వస్తాయి. నీళ్లు వదలని టైంలో పైపు ఖాళీ అయి లోపలికి లాగుతుంది, చుట్టూ ఉన్న నీళ్లన్నీ అందులోకి పోతాయి. పక్కనే డ్రైనేజీ లీకయిందంటే ఆ మురుగు మీ సంపుకే కాదు, వీధి మొత్తానికీ వెళ్తుంది.

వాలు_లెవెల్:
పానా_ప్లంబర్ చెప్పినదానికి ఒక ఉదాహరణ చెబుతాను, చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. 2009 మే నెలలో హైదరాబాద్‌లోని భోలక్‌పూర్‌లో తాగునీళ్లలో మురుగు కలిసి వాంతులు, విరేచనాలతో పలువురు చనిపోయారు, వందల మంది ఆసుపత్రుల పాలయ్యారు. మంచినీళ్ల పైపు, మురుగు పైపు పక్కపక్కన ఉన్నప్పుడు ఒక్క చెడ్డ జాయింటు చాలు. అందుకే దీన్ని ఖర్చు తగ్గించుకునే పనిగా చూడకండి.

ఇక తూర్పు_వాకిలి గారి ప్రశ్నలకు వస్తాను. మున్సిపల్ పనుల్లోనే ఉద్యోగం చేసి రిటైరయ్యాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నల్లా కనెక్షన్ ప్రధానంగా కాగితాల పని. డ్రైనేజీ కనెక్షన్ ప్రధానంగా వాలు పని. జనం అందరూ మొదటిదాని గురించి టెన్షన్ పడి రెండోదాన్ని మేస్త్రీకి వదిలేస్తారు. కాగితం తప్పైతే మళ్లీ ఇవ్వొచ్చు. వాలు తప్పైతే పార్కింగ్ టైల్స్ మొత్తం పగలగొట్టాలి. కాబట్టి అప్లికేషన్ పెట్టేముందే లెవెల్ కొలవండి.

మురుగు పైపులో మోటారు ఉండదు, నీరు తనంతట తాను పారాలి. 4 అంగుళాల పైపుకు 40 అడుగులకు 1 అడుగు, 6 అంగుళాల పైపుకు 60 అడుగులకు 1 అడుగు దిగుడు కావాలి. ఇంటి చుట్టూ తిరిగి రోడ్డు దాకా వెళ్లే లైనుకు 6 అంగుళాలే వేయించుకోండి, దిగుడు తక్కువ పడుతుంది, తట్టుకునే సామర్థ్యం ఎక్కువ. వాలు మరీ ఎక్కువ ఇచ్చినా మంచిది కాదు, నీళ్లు ముందు జారిపోయి గట్టిది వెనక నిలబడిపోతుంది.

మీ ఇంటి సమస్య మీ పోస్టులోనే కనిపిస్తోంది. మన దగ్గర వాస్తు ప్రకారం సంపు ఈశాన్యంలో, సెప్టిక్ ట్యాంకు వాయవ్యంలో పెడతారు. తూర్పు ఫేసింగ్ ఇంటికి ఈ రెండూ ఒకే వైపు, అంటే ఉత్తరం గోడ వెంబడి పడతాయి. వాయవ్యంలోంచి తిన్నగా రోడ్డుకు పైపు తీస్తే అది సరిగ్గా సంపు పక్క నుంచే వెళ్తుంది. దగ్గరి దారి కదా అని మేస్త్రీలు అదే చూపిస్తారు, ఒప్పుకోకండి. సంపు గోడకు నెర్రె పడితే, పైపు జాయింటు కదిలితే ఇంట్లో అందరూ మురుగు తాగుతారు. సెప్టిక్ ట్యాంకు నుంచి కాకుండా బాత్రూం పైపునే వెనక గోడ వెంబడి దక్షిణానికి తీసుకెళ్లి, దక్షిణం వైపు సందులోంచి రోడ్డుకు తీయండి. వెనక 30, పక్కన 60, మొత్తం 90 అడుగులు. 6 అంగుళాల పైపుకు అడుగున్నర దిగుడు. గేటు నుంచి మ్యాన్‌హోల్‌కి 30 అడుగులంటే ఇంకో అర అడుగు. కలిపి 2 అడుగులు.

ఇప్పుడు మీరు చూడాల్సినవి మూడు కొలతలు. వెనక బాత్రూం పైపు మీ ఆవరణ నేల నుంచి ఎంత లోతులో బయటికి వస్తోంది? మీ ఆవరణ రోడ్డు కంటే ఎంత ఎత్తులో ఉంది? మ్యాన్‌హోల్‌లో నీరు పారే అడుగుభాగం రోడ్డు నుంచి ఎంత లోతులో ఉంది? మొదటి రెండూ మేస్త్రీ దగ్గరుండే లెవెల్ ట్యూబుతో తేలిపోతాయి. మూడోదానికి మ్యాన్‌హోల్ మూత మీరు తెరవొద్దు, జలమండలి సెక్షన్ ఆఫీసులో (మీ ఏరియా ఆఫీసు) అడిగితే లైన్‌మన్ తీసి పైనుంచే కర్రతో కొలిచి చెబుతాడు. ఎవరూ లోపలికి తల పెట్టకూడదు.

బెజవాడ_కుళాయి:
మాకు ఆంధ్రలో పద్ధతి కొంచెం వేరండి. కుళాయి కనెక్షన్‌కి వార్డు సచివాలయంలోనే అర్జీ ఇస్తాం, ఎమినిటీస్ సెక్రటరీ (నీళ్లు, డ్రైనేజీ లాంటి వసతులు చూసే ఉద్యోగి) వచ్చి చూసి రాసుకుంటారు. డ్రైనేజీ మాత్రం ఊరిని బట్టి. భూగర్భ డ్రైనేజీ ఉన్న వీధులు వేరు, చాలా పట్టణాల్లో ఇప్పటికీ సైడు కాలువలే.
ఒక సలహా ఇస్తాను, ఎక్కడైనా పనికొస్తుంది. మీ వీధికి సీసీ రోడ్డు ఇంకా పడలేదంటే అదృష్టం. రోడ్డు వేసేలోపే ప్రతి ఇంటి గేటు దగ్గరికి మంచినీళ్ల పైపు, డ్రైనేజీ పైపు తీసి పెట్టించుకోండి, ఇల్లు కట్టని ఖాళీ ప్లాట్లకు కూడా. మా వీధిలో రోడ్డు వేసిన ఏడాదికే ఒక్కొక్కరూ తవ్వడం మొదలుపెట్టారు, ఆ గుంతలు ఎవరూ సరిగ్గా పూడ్చలేదు, ఇప్పుడు స్కూటర్ మీద వెళ్లాలంటే నడుము విరుగుతోంది.

తూర్పు_వాకిలి:
రోడ్డు ఇంకా పడలేదండి, శాంక్షన్ అయిందంటున్నారు. సర్, చాలా థాంక్స్, ఉత్తరం వైపు నుంచే తీద్దామనుకున్నాం మేము. కొలిపించి చెబుతాను. కాగితాల సంగతి ఎవరైనా చెప్పండి.

కాలనీ_అక్క:
కాగితాలు నేను చెబుతా. ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు, కుదరకపోతే ఖైరతాబాద్‌లో జలమండలి సింగిల్ విండో ఉంది. సేల్ డీడ్ కాపీ, ఇంటి పర్మిషన్ ప్లాను, ఆస్తి పన్ను రసీదు, ఆధార్, ఇవి దగ్గర పెట్టుకో. నల్లా, డ్రైనేజీ రెండూ ఒకే అప్లికేషన్‌లో అడుగు, రోడ్డు తవ్వడం ఒకేసారి అయిపోతుంది. సేల్ డీడ్‌లో పేరు, పన్ను రసీదులో పేరు ఒకటేనా చూసుకో. ఇల్లు నాన్నగారి పేరు మీద ఉండి పన్ను పాత ఓనరు పేరు మీదే వస్తుంటే ముందు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించుకో, చాలా అప్లికేషన్లు అక్కడే ఆగిపోతాయి.
తర్వాత సెక్షన్ నుంచి వచ్చి చూస్తారు. లైను ఎంత దూరం, ఎంత సైజు ఇవ్వొచ్చు అని రాసుకుని ఎస్టిమేట్ వేస్తారు. ఆ డబ్బులు బోర్డుకే ఆన్‌లైన్‌లో కట్టు, చేతికి ఇవ్వకు. కట్టాక క్యాన్ నంబర్ వస్తుంది, గ్రీన్ బ్రిగేడ్ వాళ్లు (బోర్డు తరఫున కనెక్షన్లు ఇచ్చేవాళ్లు) వచ్చి రోడ్డు తవ్వి కలుపుతారు. వానాకాలంలో రోడ్డు కటింగ్‌కి పర్మిషన్ కష్టం కాబట్టి జూన్ రాకముందే కదులు.

మూడో_అంతస్తు:
నేను వేరేలా ఆలోచిస్తున్నా. అంత చుట్టూ తిప్పడం ఎందుకు బ్రో? సెప్టిక్ ట్యాంకు నుంచి తేరిన నీళ్లే కదా బయటికి వచ్చేది, వీధి పక్కన వరద కాలువ ఉంటే దాంట్లో వదిలేస్తే ఐపోతుంది. మా ఏరియాలో సగం మంది అదే చేస్తున్నారు.

వాలు_లెవెల్:
సగం మంది చేస్తున్నారు కాబట్టే మన చెరువులు అలా ఉన్నాయి బాబూ. ఆ కాలువ చివరికి ఏదో ఒక చెరువులోకో మూసీలోకో వెళ్తుంది. సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చేవి తేరినట్టు కనిపిస్తాయి, రోగాలు తెచ్చే క్రిములన్నీ అందులోనే ఉంటాయి. ఇంటి ముందు మ్యాన్‌హోల్ పెట్టుకుని కాలువలో వదలడానికి ఏ కారణమూ లేదు.
దీనికి వ్యతిరేక తప్పు కూడా ఉంది, అదీ చెబుతాను. డాబా మీది వాన నీళ్ల పైపును డ్రైనేజీ చాంబర్‌లో కలపకండి. మురుగు లైను వాన నీళ్లకు కట్టింది కాదు. వీధిలో పది ఇళ్లవాళ్లు వాన నీళ్లు వదిలితే లైను నిండిపోయి, పల్లంలో ఉన్న ఇంటి కింది బాత్రూంలోంచి పైకి తన్నుతుంది. వాన నీళ్లకు ఇంకుడు గుంత తీయండి, మీ బోరుకు కూడా మంచిది.

మూడో_అంతస్తు:
సరే సర్, వాన నీళ్ల సంగతి నాకు నిజంగా తెలియదు. మాదీ పల్లమే, పెద్ద వాన పడితే కింద బాత్రూంలో నీళ్లు పైకి వస్తాయి. దానికేమైనా ఉందా?

పానా_ప్లంబర్:
గేటు దగ్గర చివరి చాంబర్‌లో నాన్ రిటర్న్ వాల్వు పెట్టించు అన్నా. నీళ్లు బయటికే పోతాయి, లోపలికి తిరిగి రావు. కాకపోతే దానికి చెత్త అడ్డం పడితే మూసుకోదు, కాబట్టి వానలకు ముందు ఒకసారి తీసి కడగాలి. రోడ్డు నుంచి మురుగు ఉబికినప్పుడు వాల్వు మూసుకుని ఉంటుంది, ఆ కాసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు, పైవాళ్లకు చెప్పాలి.

ఫ్లాట్_సెక్రటరీ:
అందరూ ఇండిపెండెంట్ ఇళ్ల గురించే మాట్లాడుతున్నారు, అపార్ట్‌మెంట్ సంగతి కూడా చెప్పండి. మాది 24 ఫ్లాట్లు. బిల్డర్ నల్లా తీసుకోకుండానే అప్పజెప్పేశాడు, బోరు, ట్యాంకర్లు, మెయింటెనెన్స్‌లో సగం నీళ్లకే పోతోంది. ఇప్పుడు అసోసియేషన్ పేరు మీద తీసుకోవచ్చా? ఫ్రీ నీళ్లు అందరికీ వస్తాయా?

కాలనీ_అక్క:
తీసుకోవచ్చు అండి, బిల్డింగ్ మొత్తానికి ఒకే పెద్ద సైజు కనెక్షన్, ఒకే క్యాన్. అసోసియేషన్ రిజిస్ట్రేషన్, తీర్మానం కాపీ దగ్గర ఉంచుకోండి. ఉచిత నీళ్ల పథకం 2021 జనవరిలో మొదలైంది, అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధిలోని ఇళ్ల కనెక్షన్లకు నెలకు 20 వేల లీటర్లు. అపార్ట్‌మెంట్‌లో ఫ్లాటుకు 20 వేల లెక్కన చూస్తారు. కానీ ప్రతి ఫ్లాటు ఓనరూ ఆధార్‌ను క్యాన్‌కి లింక్ చేయాలి, మీటరు పనిచేస్తూ ఉండాలి. మా చెల్లెలి అపార్ట్‌మెంట్‌లో ఇల్లు అద్దెకిచ్చి వేరే ఊళ్లో ఉండే ఓనర్లు లింక్ చేయలేదు, బిల్లు ఎవరు భరించాలని ప్రతి మీటింగ్‌లో గొడవే. మీరు కనెక్షన్ రాకముందే అందరి దగ్గరా ఆధార్ తీసి పెట్టుకోండి. డ్రైనేజీకి వేరే బిల్లు ఉండదు, నీళ్ల బిల్లులోనే సీవరేజ్ సెస్ (మురుగు రుసుము) కలిసి వస్తుంది.

పానా_ప్లంబర్:
అపార్ట్‌మెంట్లకు సిల్ట్ చాంబర్ తప్పనిసరిగా కట్టించాలి. గిన్నెల జిడ్డు, ఇసుక, ప్లాస్టిక్ అక్కడ ఆగిపోవాలి, రోడ్డు లైనులోకి పోకూడదు. కట్టించి వదిలేయడం కాదు, దాన్ని ఎప్పటికప్పుడు తీయించాలి.

తూర్పు_వాకిలి:
కొలిపించాను సర్. వెనక బాత్రూం పైపు ఆవరణ నేల నుంచి 2 అడుగుల లోతులో ఉంది. ఆవరణ రోడ్డు కంటే అడుగున్నర ఎత్తు. లైన్‌మన్ వచ్చి మ్యాన్‌హోల్ మూత తీసి చూపించాడు, దాని అడుగుభాగం రోడ్డు నుంచి మూడున్నర అడుగుల లోతులో ఉంది, రోడ్డు లైను 8 అంగుళాలదట. దక్షిణం వైపు నుంచి తిప్పితే అందుతుందా? నాన్నగారు లెక్క చూశాక రాత్రి ప్లంబర్ మాట మానేశారు.

వాలు_లెవెల్:
మంచి కొలతలు. 2 అడుగుల్లో మొదలవుతుంది, దారిలో 2 అడుగులు దిగాలి, అంటే మ్యాన్‌హోల్ దగ్గర ఆవరణ నుంచి 4 అడుగులు. ఆవరణ అడుగున్నర ఎత్తు కాబట్టి రోడ్డు నుంచి రెండున్నర అడుగులు. మ్యాన్‌హోల్ అడుగుభాగం మూడున్నర అడుగుల్లో ఉంది, ఇంకా ఒక అడుగు మిగిలింది. రోడ్డు లైను 8 అంగుళాలు నిండుగా పారినా మీ పైపు నోరు దానికి 4 అంగుళాల పైనే ఉంటుంది. నిశ్చింతగా దక్షిణం నుంచి తిప్పండి.
మలుపు ఉన్న ప్రతిచోటా ఇన్‌స్పెక్షన్ చాంబర్ (జామ్ అయితే మూత తీసి చూసే తొట్టి) కట్టించండి: వాయవ్యంలో ఒకటి, నైరుతి మూలలో ఒకటి, దక్షిణం సందు మధ్యలో ఒకటి, గేటు దగ్గర ఒకటి. వంటింటి నీళ్లు గల్లీ ట్రాప్ (మురుగు వాసన వెనక్కి రాకుండా ఆపే నీళ్ల వంపు) దాటాకే కలవాలి. గోతిలో పైపు కింద ఇసుక పరిపించండి, రాళ్ల మీద కూర్చోబెడితే కారు బరువుకు పగులుతుంది. మట్టి పూడ్చేముందు చివర మూసి నీళ్లు నింపి చూడండి, జాయింట్లు కారుతున్నాయో లేదో అప్పుడే తెలియాలి.

తూర్పు_వాకిలి:
ఇంకో రెండు. సెప్టిక్ ట్యాంకును ఏం చేయాలి? దాన్ని కడిగించి వాన నీళ్లు నిల్వ చేసుకుంటే ఎలా ఉంటుంది? సంపు 4 వేల లీటర్లది, సరిపోతుందా?

మూడో_అంతస్తు:
వాన నీళ్లకు వాడుకోవడం మంచి ఐడియా అనిపిస్తోంది, తవ్విన గుంత ఉంది కదా.

వాలు_లెవెల్:
వద్దు. ఏళ్లుగా ఆ గోడలు మురుగు పీల్చుకున్నాయి, అడుగు కూడా ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటుంది. అందులో నింపిన నీళ్లు మీ బోరులోకే చేరతాయి. కొత్త లైను నడవడం మొదలయ్యాక, ముందు కాదు, ట్యాంకు ఖాళీ చేయించి, సున్నం చల్లించి, పైనుంచే మెషీన్‌తో అడుగున రంధ్రాలు కొట్టించి మొరంతో నింపేయండి. ఇంకుడు గుంతను వేరేచోట తీసుకోండి.

కాలనీ_అక్క:
ఖాళీ చేయించేటప్పుడు ఒక్క మాట, దయచేసి అందరూ చదవండి. మనిషిని లోపలికి దింపకండి. ఐదు వందలు ఎక్కువిస్తే దిగుతానన్నా సరే దింపకండి. లోపలి గ్యాస్ వాసన తెలిసేలోపే మనిషి పడిపోతాడు, కాపాడబోయిన రెండోవాడూ పోతాడు, ఇలాంటి వార్తలు ప్రతి ఏడాదీ చదువుతున్నాం. 2013 చట్టం ప్రకారం అది నేరం, దింపించిన ఇంటివాళ్లదీ బాధ్యతే. 14420కి ఫోన్ చేస్తే మెషీన్ ఉన్న బండి వస్తుంది. ఇల్లు కట్టుకోగలిగినవాళ్లం, బండి డబ్బులు ఇవ్వలేమా?

పానా_ప్లంబర్:
అక్క చెప్పింది నిజం. మా వాళ్లలో ఇద్దరిని అలాగే పోగొట్టుకున్నాం.

బెజవాడ_కుళాయి:
అయ్యో అన్నా.

వాలు_లెవెల్:
సంపు సంగతి. మురుగు కాలువ ఉన్న నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లని లెక్క. మూడు అంతస్తుల్లో 15 మంది అనుకుంటే రోజుకు 2,025 లీటర్లు. నగరంలో చాలాచోట్ల రోజు విడిచి రోజు నీళ్లు. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ జలాశయం నుంచి, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి వంద కిలోమీటర్లకు పైగా పంపు చేసుకొస్తున్నారు, దారిలో ఎక్కడ పైపు పగిలినా, కరెంటు పోయినా ఒక విడత తప్పుతుంది. కాబట్టి నాలుగు రోజులకు సరిపడా ఉంచుకోవాలి, 8 వేల లీటర్లు. పైన ట్యాంకులు ఎంతవో చూసి కలుపుకోండి, అవి 4 వేలైతే మీ సంపు చాలు.
నెలకు 60 వేల లీటర్లు దాటుతుంది కాబట్టి ఉచితం వర్తించినా బిల్లు వస్తుంది. పైన అద్దెకున్నవాళ్లకు ముందే చెప్పండి.

పానా_ప్లంబర్:
నల్లా పైపు సంపులోకి కిందికి దిగేలా పెట్టండి, ప్రెషర్ తక్కువున్నా పడుతుంది. పైప్‌లైనుకు డైరెక్టుగా మోటారు పెట్టకండి. 2025 ఏప్రిల్ నుంచి దాని మీద డ్రైవ్ నడిపారు, 5 వేల జరిమానా, మోటారు కూడా తీసుకెళ్లారు. అదీకాక మీరు లాగితే చివరి ఇంటికి చుక్క కూడా రాదు. బోరు పైపు, నల్లా పైపు ఎక్కడా ఒకదానికొకటి కలవకూడదు, రెండూ విడివిడిగా సంపులో పడాలి.

తూర్పు_వాకిలి:
అప్లికేషన్ పెట్టేశాం, ఇన్‌స్పెక్షన్ అయింది, రెండింటికీ కలిపి ఎస్టిమేట్ వచ్చింది, కట్టేశాం. దక్షిణం వైపు గోతి తవ్వడం మొదలైంది. బెజవాడ_కుళాయి గారి మాట కాలనీ గ్రూపులో పెడితే మా వీధిలో ఇంకో తొమ్మిది ఇళ్లవాళ్లు రోడ్డు పడకముందే అప్లై చేస్తామన్నారు. ఖాళీ ప్లాట్ల ఓనర్లకు కూడా ఫోన్లు చేస్తున్నాం. నీళ్లు వచ్చాక మొదటి రోజు ఏమైనా చూడాలా?

వాలు_లెవెల్:
మొదట వచ్చే నీళ్లలో కొత్త పైపు మట్టి ఉంటుంది, సంపులోకి పోనీయకుండా బయటికి వదిలేయండి. సంపును ముందే బ్లీచింగ్ పౌడర్‌తో కడిగించండి. తర్వాత క్లోరిన్ చూపించమని లైన్‌మన్‌ను అడగండి, చుక్కల మందు వేస్తే పసుపు రంగు రావాలి, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. రంగు రాకపోయినా, వాసన వచ్చినా ఆ నీళ్లు వాడకుండా 155313కి చెప్పండి.

పానా_ప్లంబర్:
మీటరు గేటు లోపలే, బయటి నుంచి రీడింగ్ కనిపించేచోట పెట్టించండి అన్నా. చాంబర్ మూతల మీద టైల్స్ వేయించకండి, రేపు జామ్ అయితే ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఫ్లాట్_సెక్రటరీ:
ఇవన్నీ ప్రింట్ తీసి ఆదివారం మా మీటింగ్‌లో పెడుతున్నాను. వాలు_లెవెల్ గారూ, 24 ఫ్లాట్లకు సిల్ట్ చాంబర్ కొలతలు కావాలి, కొత్త టాపిక్ తెరుస్తాను, అక్కడ చెప్పగలరా?

వాలు_లెవెల్:
తెరవండి. మీ ఔట్‌లెట్ పైపు సైజు, మ్యాన్‌హోల్ లోతు రాసి పెట్టండి.